దోమ వాసన ప్రొటీన్‌తో కొత్త రిపెల్లెంట్‌ను వెతకడం: కంప్యూటర్ నుంచి దోమల పంజరం దాకా

‘డాకింగ్ చేశాం, స్కోరు మైనస్ తొమ్మిది వచ్చింది, కాబట్టి ఇది మంచి రిపెల్లెంట్’ అని తేల్చేసే ప్రాజెక్టు రిపోర్టులు చాలానే కనిపిస్తాయి. రిపెల్లెంట్ అంటే దోమల్ని తరిమే మందు. డాకింగ్ అంటే ఒక అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌తో అంచనా కట్టడం, స్కోరు ఎంత మైనస్‌లోకి వెళ్తే పట్టు అంత గట్టిదని లెక్క. అక్కడితో ఆగితే చేతిలో ఉన్నది రిపెల్లెంట్ కాదు, ఒక అంకె మాత్రమే. ఆ అంకె నుంచి దోమ దాకా ఎలా వెళ్లాలో, దారిలో ఎక్కడెక్కడ బోల్తా పడతామో ఇక్కడ చూద్దాం. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ స్థాయి ల్యాబ్ అనుభవం ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది.

ముందు ఈ ప్రొటీన్ చేసే పని. దోమ మీసాల నిండా సన్నటి వెంట్రుకలుంటాయి, వాటికి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. గాల్లో వచ్చిన వాసన అణువు రంధ్రంలోంచి లోపలికి జారుతుంది. లోపల ఉన్నదేమో నీళ్లలాంటి ద్రవం, వాసన అణువులు చాలావరకు నూనె స్వభావం గలవి. ఆ ద్రవంలో దట్టంగా ఉండే చిన్న ప్రొటీన్లు ఈ అణువుల్ని పొట్టలో పెట్టుకుని నాడీకణం మీది రిసెప్టార్ దాకా చేరుస్తాయి. వీటిని ఒడొరెంట్ బైండింగ్ ప్రొటీన్లు, పొట్టిగా ఓబీపీలు అంటారు. బరువు సుమారు 14 కిలోడాల్టన్లు. ఆరు హెలిక్సులు, ఆరు సిస్టీన్లు, వాటిని జతలుగా కట్టిన మూడు డైసల్ఫైడ్ బంధాలు. నీళ్లలో కరుగుతాయి, ఈ.కోలైలో తయారవుతాయి, స్ఫటికాలు కడతాయి. పొరలో కూరుకుపోయి ఉండే రిసెప్టార్లతో పోలిస్తే వీటితో పని చాలా తేలిక. అందుకే వీటిని మొదటి జల్లెడగా వాడతారు.

జల్లెడే, తీర్పు కాదు. క్యూలెక్స్ దోమ ఓబీపీ1లో చక్కగా ఇమిడే అణువుల్లో ఒకటి గుడ్లు పెట్టే చోటికి ఆడదోమల్ని పిలిచే ఫెరమోన్. అనాఫిలిస్ ఓబీపీ1లో ఇమిడేది డీట్ అనే రిపెల్లెంట్. ఒకటి పిలుస్తుంది, ఇంకొకటి తరుముతుంది. రెండూ ఎక్కేది దాదాపు ఒకే రకం బండి. బండి ఎక్కగలదా అన్నదే ఓబీపీ చెబుతుంది, దిగాక ఏం జరుగుతుందో చెప్పదు.

ఏ దోమ, ఏ ప్రొటీన్

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూసింది అనాఫిలిస్ కడుపులోనే. కానీ ఇప్పుడు ప్రొటీన్ నిర్మాణాలు ఎక్కువగా దొరికే అనాఫిలిస్ గాంబియే ఆఫ్రికా దోమ, మన దగ్గర లేదు. మన పల్లెల్లో మలేరియాకు ముఖ్యంగా అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్, కొండ ప్రాంతాల్లో ఫ్లూవియాటిలిస్, నగరాల్లో స్టీఫెన్సై కారణం. డెంగీకి ఏడిస్ ఈజిప్టి, బోదకాలుకు క్యూలెక్స్ క్వింకిఫాసియాటస్. చివర్లో పరీక్షించబోయేది ఏ దోమ మీదో ముందే తేల్చుకుని, దాని ప్రొటీన్‌నే మొదలు పెట్టుకోండి.

ప్రొటీన్ డేటా బ్యాంకులో ఉచితంగా దొరికే నిర్మాణాల కోడ్‌లు ఇవి: ఏడిస్ ఓబీపీ1కు 3కే1ఈ, క్యూలెక్స్ ఓబీపీ1 ఫెరమోన్‌తో కలిసి 3ఓజీఎన్, అనాఫిలిస్ గాంబియే ఓబీపీ1కు 2ఈఆర్‌బీ, అదే డీట్‌తో కలిసి 3ఎన్7హెచ్, ఐకారిడిన్ అనే ఇంకో రిపెల్లెంట్‌తో కలిసి 5ఈఎల్2. ఈ మూడు దోమల ఓబీపీ1లు ఒకదానికొకటి బాగా దగ్గర పోలిక. కాబట్టి పద్ధతిని 3ఎన్7హెచ్ మీద సరిచూసుకుని, తర్వాత ఏడిస్ లేదా క్యూలెక్స్ నిర్మాణానికి మారడం మంచి దారి. సరిచూసుకోవడానికి రిపెల్లెంట్ లోపల కూర్చుని ఉన్న నిర్మాణమే కావాలి మరి.

ఫైలు తయారీ

అనాఫిలిస్ ఓబీపీ1 రెండేసి కలిసి జంటగా ఉంటుంది. డీట్ కూర్చునే చోటు సరిగ్గా ఆ రెండూ కలిసే అంచున, పొడవాటి నూనెబిలం కొసలో ఉంది. అలవాటుగా ‘చైన్ ఎ ఒక్కటీ చాలు’ అని రెండోదాన్ని చెరిపేశారో, ఆ గదికి ఒక గోడ పోయినట్టే. స్కోర్లు వస్తూనే ఉంటాయి, అణువులు మాత్రం లేని ఖాళీలోకి వేలాడుతుంటాయి. రెండు చైన్లనూ ఉంచండి.

నీళ్ల విషయం ఇంకా సున్నితం. డాకింగ్ పాఠాలన్నీ ‘నీటి అణువులన్నీ తీసేయండి’ అంటాయి. ఇక్కడ అది తప్పు. డీట్‌కు ఈ ప్రొటీన్‌తో ఉన్న ఒకే ఒక్క హైడ్రోజన్ బంధం దాని కార్బొనైల్ ఆక్సిజన్ నుంచి ఒక నీటి అణువుకు. ఆ నీటి అణువు అటు వెన్నెముకలోని గ్లైసీన్ 92, సిస్టీన్ 95లను పట్టుకుంటుంది. మిగతాదంతా నూనె గుణం గల పట్టే: లూసీన్ 73, 76, మెథియొనీన్ 89, 91, ట్రిప్టోఫాన్ 114 లాంటివి చుట్టూ ఉంటాయి. 3ఎన్7హెచ్‌ను అణువుల బొమ్మ చూపే పైమాల్‌లోనో కైమెరాలోనో తెరిచి, డీట్ ఆక్సిజన్‌కు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు నీళ్లను ఎంచి చూడండి, ఆ వంతెన కనిపిస్తుంది. ఆ ఒక్క నీటి అణువును ఉంచి, మిగతావి తీసేయండి. స్ఫటికీకరణలో వాడిన పాలిఇథిలీన్ గ్లైకాల్ ముక్కలు బిలంలో ఉండిపోతాయి, 2ఈఆర్‌బీలో మరీ స్పష్టంగా. వాటిని తప్పక తీయాలి, లేకపోతే బిలం మూసుకుపోయి ఉంటుంది.

హైడ్రోజన్లు పీహెచ్ 7 దగ్గర చేర్చండి. హిస్టిడీన్ 111ను విడిగా చూసి, ఏ నైట్రోజన్ మీద హైడ్రోజన్ పెట్టారో నోట్‌బుక్‌లో రాసుకోండి. గ్రిడ్ పెట్టెను, అంటే డాకింగ్ వెతకాల్సిన చోటును, డీట్ కేంద్రంగా ఒక్కో వైపు 22 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టుకుంటే సరిపోతుంది. అయితే ఐకారిడిన్ నిర్మాణంలో డీట్ చోటుతో పాటు, ప్రొటీన్ తోక వైపు రెండో చోటు కూడా కనిపించింది. దాని మీద రెండో పెట్టె పెట్టి మళ్లీ నడపండి.

ఇక సరిచూసుకోవడం. డీట్‌ను బయటికి తీసి, దాని ఆకారాన్ని కొత్తగా గీసి (స్ఫటికంలోని కోణాలనే మళ్లీ ఇవ్వకుండా), ఆటోడాక్ వీనా అనే డాకింగ్ ప్రోగ్రామ్‌తో తిరిగి లోపలికి పంపండి. ఎంత లోతుగా వెతకాలో చెప్పే ఎగ్జాస్టివ్‌నెస్ డిఫాల్టుగా 8 ఉంటుంది, 32కు పెంచండి. వేర్వేరు సీడ్‌లతో ఐదుసార్లు నడపండి. స్ఫటికంలోని డీట్‌కు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తేడాతో కూర్చుంటేనే ముందుకు. అమైడ్ తిరగబడి, ఈథైల్ గుంపులు ఉండాల్సిన చోట బెంజీన్ వలయం వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది ఆ నీటి అణువునే.

స్కోరు చదవడం

డీట్‌కు అనాఫిలిస్ ఓబీపీ1 మీద కొలిచిన విఘటన స్థిరాంకం, అంటే కేడీ (ఇది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది), సుమారు 31 మైక్రోమోలార్. శక్తిలోకి మారిస్తే సుమారు మైనస్ 6.1 కిలోక్యాలరీలు. డెబ్భై ఏళ్లకు పైగా రిపెల్లెంట్లకు కొలమానంగా నిలిచిన అణువు పట్టు ఇంతే! కాబట్టి నానోమోలార్ పట్టు కోసం పరుగు తీయడం దండగ. మరీ గట్టిగా పట్టుకున్న అణువు ప్రొటీన్ పొట్టలోనే ఉండిపోయినా ఆశ్చర్యం లేదు.

వీనాను తయారుచేసినవాళ్లే దాని ప్రామాణిక దోషం 2.85 కిలోక్యాలరీలని చెప్పారు. మైనస్ 7.4కూ మైనస్ 7.1కూ తేడా చూసి ర్యాంకులు ఇవ్వడంలో అర్థం లేదు. పైగా అణువు పెద్దదయ్యేకొద్దీ స్కోరు దానంతటదే పెరుగుతుంది. అందుకే ఒలీయిక్ ఆమ్లం లాంటి కొవ్వు ఆమ్లాలు ప్రతి జాబితాలోనూ పైకి తేలతాయి. స్కోరును హైడ్రోజన్లు కాని పరమాణువుల సంఖ్యతో భాగించి చూడండి. డీట్‌లో అవి 14, కొలిచిన శక్తిని బట్టి ఒక్కోదానికి 0.44 వస్తుంది. మీ అణువులో 24 ఉండి మొత్తం మైనస్ 8 అయితే ఒక్కోదానికి 0.33 మాత్రమే. పెద్ద స్కోరు ఉన్నా డీట్ కన్నా నాసి అన్నమాట.

తెలిసిన రిపెల్లెంట్లతో పాటు, అంతే బరువు, అంతే నూనె స్వభావం ఉండీ రిపెల్లెంట్లు కాని అణువులను కూడా ఒక్కోదానికి యాభై చొప్పున కలిపి నడపండి. రిపెల్లెంట్లు పైకి రాకపోతే మీ పద్ధతి ఆ రెండు గుంపుల్నీ విడదీయలేకపోతోందని అర్థం. చాలామంది దాటేసే మెట్టు ఇది.

జాబితా కుదించడం

ఇక్కడ ప్రొటీన్‌ను పక్కనపెట్టి ఆవిరి గురించి ఆలోచించాలి. సల్కటోన్ అనే 6-మిథైల్-5-హెప్టీన్-2-ఓన్ ఓబీపీ1లో ఇముడుతుంది, కానీ మరిగే ఉష్ణోగ్రత 173 డిగ్రీలే. చర్మం మీద ఎక్కువసేపు నిలవదు. సిట్రొనెల్లాల్ 200 పైన, డీట్ సుమారు 290. నిమ్మగడ్డి నూనె రాసుకుంటే కాసేపు పనిచేసి ఆగిపోవడానికి కారణం వాసన చాలకపోవడం కాదు, ఎగిరిపోవడం. మోటు లెక్కగా 250 నుంచి 320 డిగ్రీల మధ్య మరిగేవి, అణుభారం 170 నుంచి 260 మధ్య ఉన్నవి ముందు తీసుకోండి. ఆల్డిహైడ్లు, ఎపాక్సైడ్లు, మైకేల్ గ్రాహకాల లాంటి చర్మాన్ని కరిచే గుంపులున్న అణువులను ఇప్పుడే కొట్టేయండి. అవి డాకింగ్‌లో ముద్దుగానే కనిపిస్తాయి.

పనిచేసే రిపెల్లెంట్లను పక్కపక్కన పెట్టి చూడండి: డీట్, గ్వాలియర్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ తెచ్చిన డెపా అనే డైఈథైల్ ఫినైల్ అసిటమైడ్, మన మందుల షాపుల్లో దొరికే ఓడోమాస్ క్రీములోని డైఈథైల్ బెంజమైడ్, ఐకారిడిన్. అన్నిట్లోనూ నడుమ ఒక కార్బొనైల్, దాని పక్కన హైడ్రోజన్ లేని నైట్రోజన్, రెండు వైపులా నూనె గుణం గల తోకలు. ఆ కార్బొనైలే నీటి వంతెనను పట్టుకునేది. కొత్త అణువు గీసేటప్పుడు ఈ నడుము మార్చకుండా తోకలు మార్చడం మొదటి విడతకు సరైన పద్ధతి.

అమైడ్లు చేయడం తేలిక. పోలికకు డీట్‌ను కూడా అదే పద్ధతిలో చేసుకోండి: 1.36 గ్రాముల మెటా టొలుయిక్ ఆమ్లానికి 0.87 మి.లీ. థయొనైల్ క్లోరైడ్ వేసి, గ్యాసు రావడం ఆగేదాకా నెమ్మదిగా రిఫ్లక్స్ చేయాలి. ఎక్కువైన థయొనైల్ క్లోరైడ్‌ను తీసేసి, పొడి ద్రావణిలో ఐసు మీద పెట్టి, 3.1 మి.లీ. డైఈథైలమైన్‌ను చుక్కచుక్కగా కలపాలి. హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ రెండూ వెలువడతాయి కాబట్టి ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోకండి. తర్వాత పలుచని క్షారంతో, పలుచని ఆమ్లంతో, ఉప్పునీటితో కడగాలి. పూర్తిగా వస్తే 1.9 గ్రాములు. కడగడంలో బద్ధకిస్తే మిగిలిపోయిన అమైన్ దోమల పరీక్షలో తన సొంత ఫలితం చూపిస్తుంది. జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీలో) 98 శాతం శుద్ధత కనిపించకుండా దోమల గదిలోకి ఏదీ తీసుకెళ్లొద్దు.

ప్రొటీన్ తయారీ

జన్యువును సింథసిస్‌కు పంపేటప్పుడు సిగ్నల్ పెప్టైడ్ తీసేసిన భాగమే పంపండి. డైసల్ఫైడ్లు సరిగా కట్టుకోవాలంటే పెరిప్లాజంలోకి పంపే పెల్‌బి లీడర్ ఉన్న పీఈటీ-22బి లాంటి వెక్టర్ మేలు. బీఎల్21 (డీఈ3) కణాలను 37 డిగ్రీల దగ్గర ఓడీ 0.6 దాకా పెంచి, ఉష్ణోగ్రత 20కి దించి, ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీని 0.3 మిల్లీమోలార్ వేసి రాత్రంతా వదిలేయండి. 37 దగ్గరే ఉంచితే ప్రొటీన్ ఎక్కువే వస్తుంది కానీ ముద్దకట్టి వస్తుంది. తెల్లారి కణాలను 20 శాతం సుక్రోజ్, 30 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8), 1 మిల్లీమోలార్ ఈడీటీఏలో పది నిమిషాలు నానబెట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, ముద్దను ఐసులాంటి 5 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్‌లోకి ఒక్కసారిగా కలపండి. ప్రొటీన్ ఆ నీళ్లలోకి వస్తుంది. ఆపైన అయాన్ ఎక్స్‌ఛేంజ్, జెల్ ఫిల్ట్రేషన్.

డైసల్ఫైడ్లు మూడూ కట్టుకున్నాయో లేదో మాస్ స్పెక్ట్రోమీటర్ చెబుతుంది: సీక్వెన్స్ నుంచి లెక్కగట్టిన భారం కన్నా సరిగ్గా 6 డాల్టన్లు తక్కువ రావాలి. 4 మాత్రమే తగ్గితే ఒక బంధం కట్టుకోలేదు. ఆ బ్యాచ్‌ను పారేయండి.

దీని తర్వాతి మెట్టును వదిలేసినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఓబీపీ పొట్ట ఖాళీగా ఉండదు. ఈ.కోలై కొవ్వు ఆమ్లాలను ముందే మింగేసి వస్తుంది. అలాంటి ప్రొటీన్‌తో కొలిస్తే అన్ని అణువులూ బలహీనంగానే కనిపిస్తాయి. పీహెచ్ 4.5 సిట్రేట్ బఫర్‌లోకి మార్చి, కొవ్వును లాక్కునే లిపిడెక్స్ రెజిన్‌తో 37 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పండి. తర్వాత పీహెచ్ 7.4కు తిరిగి తీసుకురండి. ఇది పనిచేయడానికి కారణం ప్రొటీన్ స్వభావంలోనే ఉంది: క్యూలెక్స్ ఓబీపీ1 మామూలు పీహెచ్ దగ్గర అణువును పట్టుకుని, ఆమ్లంలో వదిలేస్తుంది.

ఎన్‌పీఎన్ పరీక్ష

ఎన్-ఫినైల్-1-నాఫ్తైలమైన్, పొట్టిగా ఎన్‌పీఎన్, నీళ్లలో మసకగా మెరిసే రంగు అణువు. ప్రొటీన్ పొట్టలోకి వెళ్తే మెరుపు పెరిగి, శిఖరం 400 నానోమీటర్ల వైపు జరుగుతుంది. మీ అణువు దాన్ని బయటికి తోస్తే మెరుపు తగ్గుతుంది. కొలిచేది ఆ తగ్గుదలనే.

క్వార్ట్జ్ క్యువెట్‌లో 2 మి.లీ. బఫర్ (50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.4), 2 మైక్రోమోలార్ ప్రొటీన్. మిథనాల్‌లో కరిగించిన 1 మిల్లీమోలార్ ఎన్‌పీఎన్‌ను 4 మైక్రోలీటర్లు వేస్తే 2 మైక్రోమోలార్ అవుతుంది. 337 దగ్గర ఉత్తేజపరిచి, 350 నుంచి 500 దాకా చదవండి. ముందు ఎన్‌పీఎన్‌నే 16 మైక్రోమోలార్ దాకా పెంచి దాని కేడీ కనుక్కోండి. తర్వాత తాజా క్యువెట్‌లో ఎన్‌పీఎన్‌ను 2 దగ్గర ఉంచి, మీ అణువును 20 మిల్లీమోలార్ స్టాకు నుంచి ఒక్కో మైక్రోలీటరు చొప్పున వేస్తూ పోండి. పది మైక్రోలీటర్లకు 100 మైక్రోమోలార్ చేరుతుంది, మిథనాల్ ఇంకా ఒక శాతం లోపే ఉంటుంది. డీట్ లాంటి మెతక పట్టు కనబడాలంటే 20 దగ్గర ఆగకూడదు, 100 దాకా వెళ్లాలి.

మెరుపు సగానికి తగ్గిన గాఢత 10, ఎన్‌పీఎన్ కేడీ 2 అనుకుందాం. 10ని (1 + 2/2)తో భాగిస్తే మీ అణువు కేఐ, అంటే పోటీ పరీక్షలో తేలిన దాని పట్టు, 5 మైక్రోమోలార్. ప్రొటీన్ కూడా 2 మైక్రోమోలార్ ఉంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. పైకి వచ్చిన రెండు మూడు అణువులకు ఐటీసీతో (బంధం కట్టేటప్పుడు వచ్చే వేడిని కొలిచే పద్ధతితో) మళ్లీ కొలవండి.

ఈ పరీక్ష మోసం చేసే తీరులు మూడు. పొడవాటి కొవ్వు ఆమ్లాలు, ఆల్కహాళ్లు నీళ్లలో మైసెల్లులు కట్టి ఎన్‌పీఎన్‌ను వాటిలోకి లాక్కుంటాయి. ప్రొటీన్ లేకుండా అదే టైట్రేషన్ చేస్తే మెరుపు పెరగడం కనిపిస్తుంది. రెండు, 337 దగ్గర కాంతిని తానే తాగేసే అణువు పోటీలో గెలిచినట్టు నటిస్తుంది. దాని శోషణ స్పెక్ట్రమ్ ముందే తీసి పెట్టుకోండి. మూడోది ప్లాస్టిక్. డీట్ స్టాకును పాలిస్టైరీన్ ప్లేటులో పోస్తే ప్లేటు మెత్తబడి మసకబారుతుంది, రీడర్ ఆ మసకను కూడా చదువుతుంది. గాజు వయల్స్, క్వార్ట్జ్ మాత్రమే వాడండి.

రిసెప్టార్ దగ్గర

సౌకర్యం ఉంటే కప్ప అండకణాల్లో రిసెప్టార్‌నూ ఓర్కోనూ కలిపి వ్యక్తపరచి కరెంటు కొలుస్తారు. ఓర్కో అంటే తోడు రిసెప్టార్, అది లేకుండా ఓఆర్ కుటుంబపు వాసన రిసెప్టార్లు పనిచేయవు. క్యూలెక్స్‌లో సీక్వియూఓఆర్136 అనే రిసెప్టార్ డీట్‌కు స్పందిస్తుందని 2014లో వచ్చింది. అలాగని అనాఫిలిస్‌కూ అదే కథ అనుకోకండి. అనాఫిలిస్ కొలూజ్జైలో డీట్ నాడీకణాల్ని పెద్దగా కదిలించకుండా ఇతర వాసనలు ఆవిరవడాన్నే తగ్గిస్తుందని 2019లో తేలింది. దోమ మారితే జవాబు మారుతుంది. సౌకర్యం లేకపోతే ఈ మెట్టు దాటేసి నేరుగా దోమల దగ్గరకు వెళ్లినా నష్టం లేదు.

దోమల ముందు

కొత్త అణువును మనిషి చర్మం మీద, మీ చేతి మీద కూడా, విషపరీక్షలు పూర్తికాకుండా రాయొద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. మొదటి పరీక్షకు దారి ఇది: మందపాటి గ్లవ్‌కు పైన కిటికీ కోసి, దాని మీద మందు రాసి ఆరబెట్టిన నైలాన్ నెట్టును, చర్మానికి తగలకుండా కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో బిగించాలి. దాని పైన మందు లేని ఇంకో నెట్టు. అప్పుడు దోమకు మందు అంటదు, ఆవిరి మాత్రమే తగులుతుంది.

ఒక వైపు 35 నుంచి 40 సెం.మీ. ఉండే పంజరంలో రక్తం తాగని, వ్యాధి లేని కాలనీ నుంచి వచ్చిన 5–7 రోజుల ఆడదోమలు 200 నుంచి 250. ముందు 12 గంటలు చక్కెర నీళ్లు తీసేయండి. గది 27 డిగ్రీలు, తేమ 80 శాతం. ఏడిస్‌ను పగలు, క్యూలెక్స్‌ను చీకటిపడ్డాక పరీక్షించాలి, తారుమారు చేస్తే అన్నీ రిపెల్లెంట్లలాగే కనిపిస్తాయి. ప్రతి పరీక్షకు ముందు ఇథనాల్ మాత్రమే రాసిన నెట్టుతో 30 సెకన్లు చూడండి. కనీసం 10 దోమలు వాలకపోతే ఆ పంజరం ఆ రోజుకు పనికిరాదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఎక్కువ మోతాదు ముందు పెడితే పంజరం గాలంతా నిండిపోయి, తర్వాతి రీడింగులన్నీ పాడవుతాయి. చేతికి సబ్బు వాసన కూడా ఉండకూడదు. కంట్రోల్‌లో 40, మందుతో 6 వాలితే రక్షణ 85 శాతం. పక్కనే 20 శాతం డీట్‌ను ఎప్పుడూ నడపాలి.

అనుమతులన్నీ వచ్చి చేతి మీద పరీక్షించే దశకు చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం మోచేతి కింది 600 చదరపు సెం.మీ.కు 1 మి.లీ. రాసి, అరగంటకోసారి మూడు నిమిషాలు పంజరంలో ఉంచుతారు. ఎన్ని గంటలు నిలుస్తుందో ఇక్కడే తేలుతుంది.

నెట్టు పరీక్షలో ప్రభావమేమీ కనిపించకుండా, చర్మాన్ని తాకినప్పుడే దోమలు పారిపోతే ఆగి ఆలోచించండి. ఓర్కో జన్యువు చెడగొట్టిన ఏడిస్ దోమలు డీట్ రాసిన చేతి మీదకు ధైర్యంగా వచ్చి, తాకగానే వెనుదిరిగాయని 2013లోనే చూపించారు. మీ అణువుదీ కాళ్ల మీదుగా నడిచే దారే అయితే, మొదట ఎంచుకున్న ఓబీపీకీ ఆ ఫలితానికీ సంబంధం లేకపోవచ్చు. వాసన దారే అని గట్టిగా చెప్పాలంటే ఓబీపీ1ను డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏతో తగ్గించిన దోమల మీద అదే పరీక్ష మళ్లీ చేయాలి. పక్కన దోమలో లేని జీఎఫ్‌పీ జన్యువుకు చేసిన ఆర్‌ఎన్‌ఏ ఎక్కించిన దోమలను కంట్రోల్‌గా పెట్టుకోండి, సూది దెబ్బకే దోమలు మందగిస్తాయి కాబట్టి. రెండు గుంపుల్లోనూ రక్షణ ఒకేలా వస్తే, రిపోర్టులో ‘ఓబీపీ1 ద్వారా పనిచేస్తుంది’ అన్న వాక్యం కొట్టేయండి. మందు మాత్రం జాబితాలోనే ఉంటుంది.